అమెరికా యూనివర్సిటీల్లో ఫండింగ్ ఎవరికి ఇస్తారు, ఎక్కణ్ణుంచి ఇస్తారు: లోపలి లెక్క

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని కాలేజీలో ఈసీఈ బీటెక్, 8.4 సీజీపీఏ. రెండు స్టేట్ యూనివర్సిటీల నుంచి ఎంఎస్ అడ్మిట్లు వచ్చాయి, రెండిట్లోనూ ఫండింగ్ లేదు. ఇంకో యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ పీహెచ్‌డీ గురించి జూమ్‌లో మాట్లాడదాం అన్నారు. వందమందికి పైగా మెయిల్స్ పెడితే ఇద్దరే జవాబిచ్చారు. అసలు లోపల ఏం చూసి తీసుకుంటారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి?

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్తాను. మా డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల కమిటీలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా ల్యాబ్‌లోకి విద్యార్థులను తీసుకునేదీ నేనే, వాళ్ల జీతాలకు డబ్బు వెతుక్కునే తిప్పలూ నావే. మీ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు కుదరదు, కాస్త ఓపిగ్గా చదవండి.

మన దగ్గర ఫండింగ్ అంటే మంచి ర్యాంకుకు కన్వీనర్ సీటు, దాని వెనకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినట్టు, మార్కులుంటే దానంతట అదే వచ్చేదనుకుంటారు. ఇక్కడ అసిస్టెంట్‌షిప్ అంటే ఉద్యోగం. వారానికి 20 గంటల పని, దానికి స్టైపెండ్, దాంతోపాటు ట్యూషన్ వేవర్, అంటే కోర్సు ఫీజు మాఫీ. ఉద్యోగం కాబట్టి, ఆ పని అవసరమైనవాళ్లు ఎవరు, జీతం ఏ ఖాతాలోంచి పోతుంది అన్నదే మొదటి ప్రశ్న. మీరెంత తెలివైనవాళ్లన్నది రెండోది. వందమంది ప్రొఫెసర్లు మీకు జవాబివ్వకపోవడానికి పెద్ద కారణం, ఆ రోజుకి వాళ్ల ఖాతాలో మరో విద్యార్థికి చోటు లేకపోవడం. చాలామంది మీ మెయిల్ పూర్తిగా చదివే ఉండరు కూడా.

ఖాతాలు ప్రధానంగా మూడు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (టీఏ) డబ్బు డిపార్ట్‌మెంట్‌ది. అది ట్యూషన్ ఆదాయం నుంచి, స్టేట్ యూనివర్సిటీ అయితే రాష్ట్ర ప్రభుత్వ నిధుల నుంచి కూడా వస్తుంది. ఎన్ని టీఏలు ఉంటాయన్నది బీఎస్ విద్యార్థులకు ఎన్ని ల్యాబ్ సెక్షన్లు నడుస్తున్నాయన్న దాన్నిబట్టి తేలుతుంది. కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లు యూనివర్సిటీలో సగం మందికి ఫస్టియర్ కోర్సులు చెప్పాలి కాబట్టి వాటికి టీఏలు దండిగా కావాలి. అందుకే కెమిస్ట్రీ పీహెచ్‌డీలో చేరిన దాదాపు ప్రతి ఒక్కరికీ ఫండింగ్ దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో టీఏలు తక్కువని కాదు, అడిగేవాళ్లు మరీ ఎక్కువ. పైగా టీఏ అంటే అమెరికన్ కుర్రాళ్ల ముందు నిలబడి మాట్లాడాలి. విదేశీ టీఏలకు ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష పెట్టాలని కొన్ని రాష్ట్రాల్లో చట్టమే ఉంది. మొత్తం స్కోరు బాగుండి స్పీకింగ్‌లో తక్కువ రావడం వల్ల టీఏ చేజారినవాళ్లను, అందులోనూ మనవాళ్లను, చాలామందినే చూశాను. టోఫెల్ రాసేటప్పుడు ఆ ఒక్క సెక్షన్ మీద అదనంగా కూర్చోండి.

రెండోది రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (ఆర్‌ఏ). ఇది ప్రొఫెసర్ గ్రాంటులోంచి వస్తుంది. గ్రాంటు అంటే లక్షల డాలర్లు కదా, ఒక విద్యార్థిని పెట్టుకోవడానికి ఏం పోయిందని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూపిస్తాను. కొత్త ప్రొఫెసర్లకు పరిశోధన నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే కెరీర్ అవార్డు చాలా పేరున్నది. ఇంజినీరింగ్‌లో అది ఐదేళ్లకు కనీసం 5 లక్షల డాలర్లు, అంటే ఏడాదికి లక్ష. అందులో విద్యార్థి స్టైపెండ్ 30 వేలు అనుకుందాం. ఆరోగ్య బీమా వగైరా 4 వేలు. ప్రొఫెసర్‌కి యూనివర్సిటీ ఇచ్చేది సాధారణంగా తొమ్మిది నెలల జీతమే కాబట్టి వేసవిలో ఒక నెల జీతం 12 వేలు. పరికరాల సామాను, కాన్ఫరెన్సు ప్రయాణాలు 6 వేలు. మొత్తం 52 వేలు. దీని మీద యూనివర్సిటీ తన భవనాలకు, కరెంటుకు, ఆఫీసు ఖర్చులకు ఓవర్‌హెడ్ తీసుకుంటుంది. ఆ రేటు ప్రతి యూనివర్సిటీకీ వేరు, పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల్లో 50 శాతం దాటడం మామూలే. 50 అనుకుంటే 26 వేలు. ఆ పైన విద్యార్థి ట్యూషన్ 22 వేలు, దీనికి ఓవర్‌హెడ్ పడదు. కూడితే సరిగ్గా లక్ష. అంకెలు నేను ఉదాహరణకు వేసినవే గాని నిష్పత్తి మాత్రం ఇలాగే ఉంటుంది. అంత పేరున్న అవార్డు ఒక్క విద్యార్థిని ఐదేళ్లు పోషిస్తుంది, అంతే.

ఈ లెక్క తెలిస్తే ప్రొఫెసర్ ఎందుకంత ఆచితూచి అడుగేస్తారో అర్థమవుతుంది. తప్పు మనిషిని తీసుకుంటే గ్రాంటులో పెద్ద భాగం పోయినట్టే. ఏడాది చివర్లో ఏజెన్సీకి రిపోర్టు పంపాలి, అందులో ఫలితాలు చూపించాలి. అందుకే తెలిసిన ప్రొఫెసర్ దగ్గర నుంచి వచ్చిన ఒక్క ఫోన్ కాల్‌కి ఉన్న విలువ జీఆర్‌ఈలో 330కి లేదు.

మూడోది ఫెలోషిప్. మొదటి ఏడాది పనేమీ అడక్కుండా యూనివర్సిటీ ఇచ్చే డబ్బు ఇది. దీనికి మీరు విడిగా అప్లై చేసే పని చాలాచోట్ల ఉండదు. డిపార్ట్‌మెంటే తన దరఖాస్తుల్లోంచి ఇద్దరినో ముగ్గురినో నామినేట్ చేస్తుంది, మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్లతో పోటీ పడాలి. డిసెంబరు మొదట్లోనే ఫైలు పూర్తిగా చేరితేనే మీ పేరు ఆ వరసలోకి వస్తుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ల గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ గురించి కొందరు అడుగుతుంటారు. అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు ఎంఎస్ సంగతి. చాలా యూనివర్సిటీల్లో, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్, డేటా, ఈసీఈ లాంటి చోట్ల, ఎంఎస్ విద్యార్థి డిపార్ట్‌మెంటుకు ఆదాయం. మీరు కట్టే ట్యూషన్‌లో కొంత వాటా పీహెచ్‌డీ విద్యార్థుల టీఏలకే వెళ్తుంది. ఇది బయటికి ఎవరూ చెప్పరు, కానీ బడ్జెట్ మీటింగుల్లో అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఎంఎస్ అడ్మిషన్ కమిటీ చూసేది ఈ విద్యార్థి కోర్సులు పాసవుతాడా లేదా అన్నదే. పీహెచ్‌డీ కమిటీ చూసేది ఐదేళ్ల జీతం పెట్టి ఉద్యోగంలోకి తీసుకోవచ్చా అని. ఒకే యూనివర్సిటీ, ఒకే ప్రొఫైలు, ఒకచోట వారంలో అడ్మిట్, ఇంకోచోట రిజెక్ట్ రావడానికి కారణం ఇదే.

దీనికి మినహాయింపులున్నాయి, వాటిని మనవాళ్లు పట్టించుకోరు. 1862లో వచ్చిన మోరిల్ చట్టం కింద ఏర్పడ్డ ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీల్లో వ్యవసాయ ప్రయోగ కేంద్రాలుంటాయి. వాటికి 1887 నాటి హ్యాచ్ చట్టం కింద ప్రతి ఏటా ఫెడరల్ నిధులొస్తాయి. అగ్రానమీ, సాయిల్ సైన్స్, యానిమల్ సైన్స్, అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లలో థీసిస్ చేసే ఎంఎస్ విద్యార్థికి కూడా ఆర్‌ఏ ఇవ్వడం అక్కడ మామూలు. ఫండింగ్ లేకుండా విద్యార్థిని తీసుకోవడాన్నే కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు. మన ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడానికి తొలి రోజుల్లో సాయం చేసింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. బాపట్ల, రాజేంద్రనగర్ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది అప్పు లేకుండా చదివారు. మీ ఈసీఈ చదువుతో పొలాల్లో సెన్సర్లు, డ్రోన్ చిత్రాలు, నీటి యాజమాన్యం లాంటి పనులకు ఆ డిపార్ట్‌మెంట్లలో చోటుంది. ఊళ్లో చెప్పుకోవడానికి కంప్యూటర్ సైన్స్ అన్నంత గొప్పగా ఉండకపోవచ్చు. అప్పు లెక్క చూసుకుంటే గొప్పగానే ఉంటుంది.

మిమ్మల్ని ఆ రెండు ఎంఎస్ యూనివర్సిటీలకు పంపింది ఎవరో రాయలేదు. కన్సల్టెన్సీ అయితే ఒక సంగతి తెలిసి ఉండాలి. అమెరికాలోని విద్యార్థిని చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వడం ఫెడరల్ నిబంధనలకు విరుద్ధం. విదేశాల్లో ఉండే, ఫెడరల్ ఎయిడ్‌కి అర్హత లేని విద్యార్థుల విషయంలో ఆ నిషేధం లేదు. అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం నాకాక్ కూడా 2013లో విదేశీ విద్యార్థుల వరకు కమీషన్‌ని అనుమతించింది. దాంతో కొన్ని యూనివర్సిటీల అంతర్జాతీయ ఆఫీసులు ఏజెంట్లతో ఒప్పందం చేసుకుని, మీరు కట్టిన మొదటి ఏడాది ఫీజులోంచి వాటా ఇస్తాయి. ఇందులో దొంగతనం లేదు. కానీ అమీర్‌పేటలో మీకు ఉచితంగా సలహా ఇచ్చే ఆయన ఫలానా యూనివర్సిటీనే ఎందుకు గట్టిగా చెప్తున్నారో ఆలోచించుకోవాలి. మీరు ఫీజు కట్టని పీహెచ్‌డీలో కమీషన్ పుట్టే చోటు లేదు, అందుకే అక్కడ పీహెచ్‌డీ మాట వినపడదు. "మీకు ఆ యూనివర్సిటీతో టై-అప్ ఉందా, ఏమైనా కమీషన్ వస్తుందా" అని సూటిగా అడగండి. నిజాయితీగా పనిచేసేవాళ్లు చెప్తారు. అమెరికా ప్రభుత్వం నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది, వాళ్లకు కమీషన్లతో పని లేదు.

యూనివర్సిటీ పేరు కొత్తగా ఉంటే మరింత జాగ్రత్త. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. 2019లో బయటపడ్డ మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి సంస్థ. అక్కడికి విద్యార్థులను చేర్చి డబ్బు తీసుకున్నారని కేసు పడ్డవాళ్లలోనూ మనవాళ్లున్నారు. క్లాసులు లేకుండా మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చని ఎవరైనా ఆశ చూపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి.

కమిటీ గదిలోకి వద్దాం. మా దగ్గర సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ప్రొఫెసర్లందరూ వచ్చే ఏడాదికి ఎంతమందిని తీసుకోగలరో చెప్తారు. కొందరు సున్నా అంటారు. డిసెంబరులో దరఖాస్తులు వస్తాయి. జనవరిలో ఒక్కో ఫైలు ఇద్దరు చదువుతారు. మొదటి చూపులో ఒక ఫైలు మీద గడిచేది కొన్ని నిమిషాలే. ట్రాన్స్‌క్రిప్టులో మొత్తం సీజీపీఏ కంటే, మీరు చేయాలనుకుంటున్న పనికి పునాది అయిన కోర్సుల్లో మార్కులెలా ఉన్నాయో చూస్తాం. మన యూనివర్సిటీల్లో మార్కుల పద్ధతి ఇక్కడ అందరికీ తెలీదు. కమిటీలో భారతీయుడు ఎవరైనా ఉంటే 8.4 అంటే ఏమిటో వివరిస్తాడు, లేకపోతే మీ రికమెండేషన్ లెటరే వివరించాలి. "నలభై ఏళ్లలో నా క్లాసులో ఇలాంటి ప్రాజెక్టు చూళ్లేదు" అని రాయక్కర్లేదు. "అరవై మంది క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటాడు, ఫలానా సర్క్యూట్ తనే డిజైన్ చేశాడు, అది పనిచెయ్యకపోతే కారణం తనే కనిపెట్టాడు" అని రాస్తే ఆ ఫైలు పక్కన పెట్టుకుంటాం.

లెటర్ల గురించి ఇంకో మాట. విద్యార్థే రాసుకుని సార్‌తో సంతకం పెట్టించే అలవాటు మన కాలేజీల్లో ఉందని మాకు తెలుసు. ఒకే కాలేజీ నుంచి వచ్చిన నాలుగు ఫైళ్లలో నాలుగు లెటర్లకీ ఒకే వాక్యం ఉంటే కనపడకుండా ఎలా ఉంటుంది? అలాంటప్పుడు ఆ కాలేజీ నుంచి వచ్చిన అన్ని లెటర్ల విలువా పోతుంది, నిజంగా సార్ కూర్చుని రాసినవాటితో సహా. హెచ్‌ఓడీ సంతకం కంటే మీ ప్రాజెక్టు దగ్గరుండి చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లెటర్ మేలు. అలాగే డబ్బు కట్టి వారంలో వేయించుకున్న జర్నల్ పేపర్లు. రెజ్యూమెలో అవి ఉండటం కంటే లేకపోవడమే మంచిది. ఎస్‌ఓపీలో (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో రాసే వ్యాసంలో) చిన్నప్పుడు రేడియో విప్పి చూసిన కథ ఒద్దు, ఆ కథ అందరి దగ్గరా ఉంది. ఏ సమస్య మీద పనిచేశారు, ఎక్కడ ఇరుక్కుపోయారు, ఇక్కడ ఎవరితో ఏం చేయాలనుకుంటున్నారు అన్న మూడు ముక్కలు చాలు. అందులో మీరు పేరు రాసిన ప్రొఫెసర్‌కే ఫైలు వెళ్తుంది. ఆ ఏడాది సున్నా అన్న ప్రొఫెసర్ పేరు మాత్రమే రాస్తే మీ ఫైలు అక్కడే ఆగిపోవచ్చు, కాబట్టి ఇద్దరు ముగ్గురి పేర్లు రాయండి.

మెయిల్స్‌లో వందకి రెండు జవాబులు రావడం నిజానికి తక్కువేం కాదు. కానీ వంద పంపే బదులు పదిహేను పంపండి. ఎవరికి పంపాలో తెలుసుకునే దారుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ఏ ప్రొఫెసర్‌కి ఏ గ్రాంటు ఎప్పుడు మొదలైంది, ఎంత, ఎప్పుడు ముగుస్తుంది అన్నది ఎవరైనా వెతికి చూడొచ్చు. ఆరోగ్య పరిశోధనకైతే, దానికి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లది రిపోర్టర్ అని ఇంకోటుంది. గ్రాంటు ఈ ఏడాదే మొదలై ఉంటే ఆ ప్రొఫెసర్‌కి మనుషులు కావాలి. వచ్చే ఏడాది ముగుస్తుంటే ఉన్నవాళ్లకే జీతం వెతుక్కుంటున్నారని అర్థం. ఇంకో గుర్తు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు. వాళ్లకు యూనివర్సిటీ మొదటి కొన్నేళ్లకు స్టార్టప్ ప్యాకేజీ ఇస్తుంది, అందులో విద్యార్థుల జీతాలు కలిపే ఉంటాయి. ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, ఉద్యోగం పర్మనెంట్ (టెన్యూర్) కావడానికి ఉన్న గడువు నడుస్తుంటుంది. పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే వాళ్లు మీ మెయిల్ చదివే అవకాశం ఎక్కువ.

మెయిల్ ఐదారు వాక్యాలు దాటొద్దు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంప్రెస్డ్ విత్ యువర్ వర్క్" అని మొదలైనవి రోజూ వస్తాయి, ఏ వర్కో అందులో ఉండదు. ఆ ప్రొఫెసర్ ఆడమనిషైతే ఆ "సర్" తోనే కథ ముగుస్తుంది. "మీ ఫలానా పేపర్లో ఫలానా పద్ధతి వాడారు, మా ప్రాజెక్టులో అలాంటి డేటాకే నేను ఇంకో పద్ధతి వాడితే ఇలా వచ్చింది" అని రాస్తే జవాబు రాకపోయినా గుర్తుంటుంది. రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, మళ్లీ వద్దు.

మీకు జూమ్ కాల్ ఇచ్చిన ప్రొఫెసర్ దగ్గర డబ్బు ఉందనే అనుకోవచ్చు. లేకపోతే అరగంట ఎవరూ పెట్టరు. ఆ అరగంటలో చూసేది మీకు ఎంత తెలుసన్న దానికంటే, తెలియని చోట ఏం చేస్తారన్నది. మీ బీటెక్ ప్రాజెక్టులో టీమ్ చేసిందేదో, మీరు చేసిందేదో విడదీసి చెప్పగలగాలి. "మేం చేశాం, మేం చేశాం" అంటూ పోతే, "అందులో నువ్వేం చేశావు" అని అడగాల్సి వస్తుంది, అప్పుడు తడబడితే నష్టం. తెలియనిది తెలియదనండి, ఎలా తెలుసుకుంటారో చెప్పండి.

మీరూ అడగాలి. మనవాళ్లు ఇక్కడ మొహమాటపడతారు, డబ్బు సంగతి ఎత్తితే ఏమనుకుంటారోనని. ఎవరూ ఏమీ అనుకోరు. నాకు ఆర్‌ఏ ఇస్తారా, టీఏ ఇస్తారా? గ్రాంటు ఇంకా ఎన్నేళ్లుంది? వేసవిలో జీతం ఉంటుందా? మీ ల్యాబ్ నుంచి పీహెచ్‌డీ ముగించినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు? మీ విద్యార్థులతో నేను విడిగా మాట్లాడొచ్చా? ఈ చివరి ప్రశ్నకు ఇబ్బంది పడే ప్రొఫెసర్ అయితే నేను రెండుసార్లు ఆలోచిస్తాను. విద్యార్థులతో మాట్లాడేటప్పుడు "సార్ ఎలాంటివారు" అని అడిగితే "చాలా మంచివారు" అంటారు. "పోయిన వేసవిలో ఏం చేశావు, ఊరికి ఎప్పుడు వెళ్లొచ్చావు, పేపర్ డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది" అని అడగండి. జవాబుల్లో అంతా తెలిసిపోతుంది.

ఆఫర్ లెటర్ వస్తే సంతకానికి ముందు నిదానంగా చదవండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? ఏడాదికి 24 వేలు అని రాసి కింద చిన్న అక్షరాల్లో తొమ్మిది నెలలని ఉంటే వేసవి మూడు నెలలు మీ ఖర్చు మీదే. 50 శాతం అపాయింట్‌మెంట్ అంటే సగం జీతం అని కంగారు పడొద్దు, వారానికి 20 గంటలు అని. 25 శాతం అయితే పది గంటలు, అప్పుడు ట్యూషన్ వేవర్ పూర్తిగా రాకపోవచ్చు. ట్యూషన్ మాఫీ అన్నా స్టూడెంట్ ఫీజులు మీవే అయ్యే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, అవి సెమిస్టర్‌కి వెయ్యి డాలర్లు దాటే చోట్లు కూడా ఉన్నాయి. ఆరోగ్య బీమా ఎవరు కడతారో చూడండి. "ఐదేళ్ల గ్యారంటీ" అన్న మాట పక్కన "సంతృప్తికరమైన ప్రగతి, నిధుల లభ్యతను బట్టి" అని ఉంటుంది. మొదటిది మీ చేతిలో ఉంది. రెండోది ఉంటే, గ్రాంటు పోతే డిపార్ట్‌మెంట్ టీఏ ఇస్తుందా అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. తొందరపెడితే బెదరొద్దు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందం మీద సంతకం పెట్టిన యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

చేతికి ఎంతొస్తుందన్నది కూడా చాలామందికి తెలీదు. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కట్టక్కర్లేదు, అది 7.65 శాతం ఆదా. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, చాలా దేశాలవాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఆదాయం ఏమీ లేకపోయినా పన్ను శాఖకు 8843 ఫారం మాత్రం పంపాలి.

మధ్యలో డబ్బు ఆగితే ఏమిటన్నది మీ చివరి ప్రశ్న, అందరికీ టెన్షన్ పెట్టేదీ అదే. ఇది ఊరికే భయం కాదు. 2025 ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్ ఓవర్‌హెడ్‌ని 15 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. కోర్టులు అడ్డుకున్నా, ఆ అనిశ్చితికే చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అయితే అప్పటికే పంపిన ఆఫర్లు కూడా వెనక్కి తీసుకుంది. కాబట్టి ఒకే ఖాతా మీద ఆధారపడ్డ ప్రొఫెసర్ కంటే రెండు మూడు చోట్ల నుంచి నిధులున్నవాళ్ల దగ్గర ఉండటం మంచిది.

అయినా ఆగిపోయిందనుకోండి. ఆర్‌ఏ పోయినంత మాత్రాన వీసా స్టేటస్ పోదు. ఫుల్‌టైమ్ రిజిస్ట్రేషన్ పోతే స్టేటస్ పోతుంది. కాబట్టి అప్పటికప్పుడు తేల్చుకోవాల్సింది వచ్చే సెమిస్టర్ ట్యూషన్ ఎవరు కడతారన్నది. ముందు గ్రాడ్యుయేట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రొఫెసర్ దగ్గర డబ్బు అయిపోతే ఒకట్రెండు సెమిస్టర్లకు డిపార్ట్‌మెంట్ టీఏతోనో, కాలేజీ బ్రిడ్జ్ ఫండింగ్‌తోనో నెట్టుకొచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది, కానీ అది అడిగినవాళ్లకే, ముందుగా అడిగినవాళ్లకే. ప్రొఫెసర్‌తో పొసగకపోతే అడ్వైజర్‌ని మార్చుకోవడం నేరం కాదు, ప్రతి ఏడాదీ జరుగుతుంది. ఇద్దరి మధ్యా మాట చెడితే, ఎవరి పక్షమూ కాకుండా ఫిర్యాదులు వినే ఆంబుడ్స్ ఆఫీసు ఉంటుంది, అక్కడ చెప్పినవి మామూలుగా డిపార్ట్‌మెంట్‌కి చేరవు. ఒంట్లో, మనసులో బాగాలేక కోర్సులు తగ్గించాలంటే డాక్టర్ లెటర్‌తో ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థుల వీసా స్టేటస్ చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి తీసుకోవాలి, అదీ కోర్సు వదిలెయ్యకముందే. వదిలేశాక వెళ్తే ఆయన కూడా ఏమీ చెయ్యలేరు. మొదటి ఏడాది దాటాక అనుకోని ఆర్థిక కష్టం వస్తే బయట పనికి ఇమిగ్రేషన్ నుంచి అనుమతి అడిగే నిబంధన కూడా ఉంది. దానికి కాగితాలు పకడ్బందీగా ఉండాలి, డీఎస్‌ఓ సాయం చేస్తారు. క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీకి, అత్యవసర నిధికి వెళ్లడానికి నామోషీ పడకండి, మా దగ్గర అక్కడ కనిపించేవాళ్లలో అన్ని దేశాలవాళ్లూ ఉంటారు. కౌన్సెలింగ్ సెంటర్ కూడా అంతే. ఇంట్లో చెప్పలేక, ఇక్కడ ఎవరికీ చెప్పక సెమిస్టర్ మొత్తం గదిలో గడిపినవాళ్లు ఫెయిలయ్యాక మా దగ్గరికి వస్తారు, అప్పటికి మా చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

మీ రెండు ఎంఎస్ అడ్మిట్ల విషయంలో నా అభిప్రాయం ఇది. "వెళ్లాక టీఏ దొరుకుతుంది" అన్న ఆశతో అప్పు లెక్క వేసుకోవద్దు. రెండేళ్ల ట్యూషన్, ఖర్చులు మొత్తం అప్పుగానే లెక్కేసి, అది మోయగలం అనుకుంటేనే బయల్దేరండి. దొరికితే అది అదనం. ఆగస్టులో కొన్ని దొరుకుతాయి కూడా. చాలా ఫెడరల్ గ్రాంట్లు వేసవి చివర్లో, సెప్టెంబరు లోపు విడుదలవుతాయి, బీఎస్ క్లాసుల అసలు సంఖ్య కూడా అప్పుడే తేలుతుంది. గ్రేడర్, గంటల లెక్కన ల్యాబ్ పనులు ఆ రెండు మూడు వారాల్లోనే పంచేస్తారు. అవి ఖర్చులకు సరిపోతాయి, ట్యూషన్‌కి సరిపోవు. ఆ డిపార్ట్‌మెంట్లలో థీసిస్ ఆప్షన్ ఉంటే దాన్నే ఎంచుకోండి, ఎందుకంటే ప్రొఫెసర్ కంట్లో పడే దారి అదొక్కటే.

మన వైపు నుంచి దొరికేవి కూడా చూడండి. ఎస్సీ విద్యార్థులకు, ఇంకొన్ని వర్గాలకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. తెలంగాణలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాలు 20 లక్షల వరకు ఇస్తాయి. ఆంధ్రలో ఈ పథకాల పేర్లూ నిబంధనలూ ప్రభుత్వంతోపాటు మారుతున్నాయి, తాజా జీవో చూసుకోండి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణమే అయినా బ్యాంకు కంటే నయం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు కాబట్టి ఇప్పుడు మీకు కుదరదు.

నేనైతే ముందు జూమ్ కాల్ సంగతి తేల్చుకుంటాను. ఆ ప్రొఫెసర్ పేరు గ్రాంట్ల సైట్‌లో వెతకండి, ఆయన చివరి రెండు పేపర్లు చదవండి, మీ ప్రాజెక్టు ఒక పేజీలో రాసుకోండి. కాల్ అయ్యాక ఏం మాట్లాడుకున్నారో, ఫండింగ్ గురించి ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే, ఆ మాటల్లో ఎంత గట్టి హామీ ఉందో, ఎంత మర్యాద కోసం అన్నదో నాకు తోచింది చెప్తాను. ఎంఎస్ డిపాజిట్ గడువు అంతకంటే ముందుంటే, ఆ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి రెండు వారాలు పొడిగించమనండి, చాలామటుకు ఇస్తారు.